యాడ్ తీసేశామన్నాం, అది ఆడుతూనే ఉంది

ముందే చెప్పేస్తున్నా, ఇందులో కంపెనీ పేరు, ఛానెల్ పేరు, యాంకర్ పేరు ఏవీ ఉండవు. ఆ ప్రోగ్రాంలో వారం రోజులు నానిన కేసు వివరాలు కూడా కొంచెం మార్చాను, ఆ కుటుంబం ఇప్పటికే చాలా పడింది, నా వల్ల ఇంకోసారి గుర్తు చెయ్యడం ఎందుకని. నేను చేసేది మీడియా బయ్యింగ్, అంటే క్లయింట్ డబ్బుతో ఏ ఛానెల్లో ఏ టైంకి ఎన్ని సెకన్లు కొనాలో చూసే పని. 2021లో జరిగిన కేసు ఇది. ఒక న్యూస్ డిబేట్ నుంచి యాడ్ తీసెయ్యాలని అనుకున్నాం, తీసేశాం అని చెప్పాం, తర్వాత మూడు రోజులు అది అక్కడే ఆడింది. ఎలా అంటే చదవండి, ఈ పనిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

అప్పటి వాతావరణం

2020 అక్టోబర్ 8న ముంబై పోలీస్ కమిషనర్ ప్రెస్‌మీట్ పెట్టి టీఆర్‌పీల్లో, అంటే ఏ ఛానెల్ని ఎంతమంది చూస్తున్నారనే రేటింగుల్లో, మోసం జరుగుతోందని చెప్పడం గుర్తుండే ఉంటుంది, ఆ రేటింగులు లెక్కకట్టే బార్క్ సంస్థ మీటర్లు పెట్టిన ఇళ్ళవాళ్ళకి డబ్బులిచ్చి ఫలానా ఛానెల్ పెట్టి ఉంచమన్నారని ఆరోపణ. ఆ రోజుల్లోనే బజాజ్ ఆటో ఎండీ రాజీవ్ బజాజ్ తమ కంపెనీ మూడు ఛానెళ్ళని బ్లాక్‌లిస్ట్ చేసిందని చెప్పారు, బిస్కెట్ల కంపెనీ పార్లే వాళ్ళు కూడా విషం చిమ్మే కంటెంట్ వేసే న్యూస్ ఛానెళ్ళకి యాడ్స్ ఇవ్వమన్నారు. అంతకుముందు మా మీటింగుల్లో "ఈ డిబేట్ పక్కన మన బ్రాండ్ ఉండొచ్చా" అని అడిగిన క్లయింట్ని నేను చూడలేదు, ఆ అక్టోబర్ తర్వాత అందరూ అడగడం మొదలెట్టారు, అడిగి మళ్ళీ అదే కొనేవాళ్ళు, అది వేరే విషయం.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ గొడవ తర్వాత బార్క్ న్యూస్ ఛానెళ్ళ వారం రేటింగులు ఆపేసింది, మళ్ళీ ఇవ్వడం మొదలెట్టింది 2022 మార్చిలో. అంటే నేను చెప్పే కేసు టైంకి ఏ న్యూస్ ప్రోగ్రాంని ఎంతమంది చూస్తున్నారో ఎవరి దగ్గరా తాజా లెక్క లేదు. పాత నంబర్లు, అలవాటు, సేల్స్ వాళ్ళ మాట, ఇంతే. ఇది తర్వాత మాకు ఒకచోట ఇబ్బంది అయ్యింది, ఒకచోట కలిసొచ్చింది.

క్లయింట్ సంగతికొస్తే, ఇంట్లో రోజూ వాడే వస్తువులు తయారుచేసే మధ్యస్థాయి కంపెనీ, అమ్మకాలు దాదాపు అంతా రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. పెద్దాయన ఎండీ, మార్కెటింగ్ వాళ్ళబ్బాయి చూస్తాడు. ఆడవాళ్ళు కొనే వస్తువుకి న్యూస్‌లో యాడ్ ఎందుకయ్యా అంటే రెండు కారణాలు. సీరియళ్ళ మధ్య పది సెకన్ల రేటు ముందు న్యూస్ రేటు ఏ మూలకీ రాదు. రెండోది ప్లాన్ కాగితం మీద ఎప్పుడూ రాయని కారణం, హోల్‌సేల్ షాపుల్లో, డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో పొద్దస్తమానం న్యూస్ ఛానెలే పెట్టి ఉంటుంది, వాళ్ళు ఎండీగారికి ఫోన్ చేసి "మన యాడ్ బాగా పడుతోంది సార్" అంటే ఆయనకి ఆ నెల ఖర్చు గిట్టుబాటైనట్టే.

ఆ ఛానెల్లో మా యాడ్స్ మూడు దారుల్లో ఉండేవి, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి, కథంతా ఇక్కడే ఉంది. ఒకటి, రాత్రి తొమ్మిది గంటల డిబేట్‌కి అసోసియేట్ స్పాన్సర్‌షిప్, అంటే మొదట్లో పేరు చెప్తారు, బ్రేక్‌లో స్పాట్, అంటే మన యాడ్, వేస్తారు, మధ్యలో స్క్రీన్‌ని పక్కకి కుదించి ఎల్ ఆకారంలో మన బొమ్మ పెడతారు, దాన్ని ఎల్ బ్యాండ్ అంటాం. రెండు, ఆర్‌ఓడీపీ, అంటే రోజులో ఇంత టైం నుంచి ఇంత టైం లోపు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసుకోండి అని చవగ్గా కొనేది. మూడు, బోనస్ స్పాట్లు, ఆ గ్రూపుకి ఇంకో ఎంటర్‌టైన్‌మెంట్ ఛానెల్ ఉంది, అక్కడ ఏడాదికి ఇంత కొంటామని మాటిచ్చినందుకు న్యూస్ ఛానెల్లో ఊరికే ఇచ్చినవి. ఊరికే వచ్చినవాటి మీద ఎవరికీ పట్టింపు ఉండదు కదా, అవి ఎప్పుడు ఎక్కడ పడుతున్నాయో నేనూ చూసేవాణ్ణి కాదు.

ఆ గురువారం రాత్రి

ఒక అమ్మాయి చనిపోయింది. పోలీసులు ఇంకా ఎవర్నీ అరెస్ట్ చెయ్యలేదు, యాంకర్ మాత్రం రెండో రోజుకే ఇంట్లో ఒక మనిషిని దోషిగా తేల్చేశాడు. గ్రాఫిక్స్‌లో గది కట్టి ఎలా జరిగి ఉంటుందో చూపించడం, పక్కింటివాళ్ళ ఫోన్ రికార్డింగులు, రోజూ అదే. నాలుగో రోజు గేటు దగ్గర ఆ ఇంటి చిన్నపిల్ల నోటి ముందు మైక్ పెట్టారు. సరిగ్గా ఆ క్షణంలో కింద మా ఎల్ బ్యాండ్ వచ్చింది. మా యాడ్‌లో ఒక అమ్మ, పాప పకపకా నవ్వుతూ ఉంటారు. పైన ఏడుస్తున్న పిల్ల, కింద నవ్వుతున్న పిల్ల. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, ఇక చూస్కోండి.

పదిన్నరకి మార్కెటింగ్ అబ్బాయి ఫోన్. "అన్నా చూశావా, తీసెయ్యి అన్నా, రేపట్నుంచి కనపడకూడదు." నేను వెంటనే సరే అనలేదు. ట్యాగ్ చేసి తిడుతున్నది ఎవరు అన్నది ముందు తెలియాలి, ట్విట్టర్లో అరిచే గుంపుకి మన సరుకుతో సంబంధం ఉండకపోవచ్చు, దానికి భయపడి డీల్ తెంచుకుంటే రేపు ఇంకో గుంపు ఇంకో ప్రోగ్రాం గురించి అరుస్తుంది. అందుకే కస్టమర్ కేర్ కాల్స్, సేల్స్ వాళ్ళకి షాపుల నుంచి వచ్చిన మాటలు పొద్దున్నకల్లా తెప్పించమన్నా. షాపుల నుంచి ఏమీ రాలేదు. కస్టమర్ కేర్‌కి మాత్రం కాల్స్ వచ్చాయి, పదుల్లో కూడా కాదు, కానీ చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి వాడుతున్న ఆడవాళ్ళు. ఆ ఫోన్‌లో ఉన్నమ్మాయి ఒక మాట రాసుకుంది, "మీ డబ్బా మా ఇంట్లో ఉంది, ఆ పిల్ల పక్కన మీ బొమ్మ చూసి మనసొప్పట్లేదమ్మా" అని. నా వరకు నిర్ణయం అక్కడే అయిపోయింది. ట్వీట్లు ఎన్ని అనేది నేను మళ్ళీ లెక్కపెట్టలేదు.

ఇక ఎంత దూరం వెళ్ళాలి అన్నది. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం ఒక దారి, ఛానెల్ సేల్స్ హెడ్ కూడా అదే అన్నాడు, "సోమవారానికి ఇంకో టాపిక్ వస్తది సర్, జనం మర్చిపోతారు". నిజమే, జనం మర్చిపోతారు, ఆ ఫోన్ చేసినావిడ మర్చిపోదు. న్యూస్ మొత్తం మానెయ్యడం ఇంకో దారి, పెద్దాయన మొదట అదే అన్నారు. నేను వద్దన్నాను. పొద్దున్న ఆరింటి వార్తలు, వాతావరణం, మార్కెట్ రేట్లు చెప్పేవాళ్ళు ఏం పాపం చేశారు, పైగా ఒక్క ప్రోగ్రాం తప్పుకి అందరి నుంచీ డబ్బు లాగేస్తే పద్ధతిగా వార్తలు చదివేవాళ్ళకే ముందు దెబ్బ తగుల్తుంది. అందుకని ఆ డిబేట్ నుంచి మాత్రం బయటికి రావాలి, మిగతాది ఉంచాలి, బయట ఏమీ చెప్పకూడదు అని ముగ్గురం అనుకున్నాం.

చెప్పకూడదు అని ఎందుకన్నానంటే నా బుర్రలో 2017 నవంబర్ ఉంది. అమెరికాలో క్యూరిగ్ అనే కాఫీ మెషీన్ల కంపెనీ, ఫాక్స్ న్యూస్‌లో షాన్ హానిటీ షో నుంచి యాడ్ ఆపేశామని ట్విట్టర్లో ఎవరికో జవాబిచ్చింది. అంతే, ఆయన అభిమానులు కాఫీ మెషీన్లు బద్దలు కొట్టి వీడియోలు పెట్టారు, చివరికి ఆ విషయం బయటపెట్టిన తీరుకి కంపెనీ సీఈఓ తన ఉద్యోగులకి సారీ చెప్పుకోవాల్సొచ్చింది. యాడ్ ఆపడం కంటే ఆపామని పనిగట్టుకుని చెప్పడమే వాళ్ళ కొంప ముంచింది అని నా అభిప్రాయం.

మేము చేసింది, అది ఎలా బెడిసింది

శుక్రవారం మధ్యాహ్నం స్పాన్సర్‌షిప్ ఆపమని మెయిల్ పెట్టాను. అగ్రిమెంట్‌లో 30 రోజుల నోటీసు ఉంది, ఆ 30 రోజుల డబ్బులు ఇస్తాం, స్పాట్లు మాత్రం పొద్దున్న టైంకి మార్చండి అన్నాను. డబ్బు పోవట్లేదు కాబట్టి సేల్స్ హెడ్ సరే అన్నాడు. అతనికి అది నొప్పి కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. 2017 ఏప్రిల్‌లో అదే ఫాక్స్ న్యూస్‌లో బిల్ ఓరైలీ అనే యాంకర్ షో నుంచి యాభైకి పైగా కంపెనీలు బయటికొచ్చినప్పుడు కూడా ఫాక్స్ చెప్పింది ఇదే, యాడ్స్ వేరే ప్రోగ్రాంలకి మారాయి అని. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టడం. కానీ మేము ఛానెల్‌ని శిక్షించడానికి బయల్దేరలేదు, ఆ పిల్ల పక్కన మా బొమ్మ ఉండకూడదు అన్నంతవరకే మా పని, అది అయితే చాలనుకున్నా.

అక్కడ నేను చేసిన తప్పు, మెయిల్‌లో "తొమ్మిది గంటల స్పాన్సర్‌షిప్" అని రాశాను. ఆ మాట ఒక్క దారినే మూసింది. ఆర్‌ఓడీపీ స్పాట్లకి సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఎక్కడైనా పడే హక్కుంది, ఇంకో స్పాన్సర్ వెళ్ళిపోయి ఆ డిబేట్ బ్రేకులు ఖాళీ అయ్యేసరికి షెడ్యూల్ వేసే కుర్రాడు మా ఆర్‌ఓడీపీనీ బోనస్‌నీ తీసుకెళ్ళి అక్కడే కుక్కాడు. అతని తప్పు లేదు, ఖాళీ పూడ్చడమే అతని ఉద్యోగం. శుక్రవారం రాత్రి మా యాడ్ స్పాన్సర్‌షిప్ రోజుల్లో కంటే ఒకసారి ఎక్కువే పడింది!

నాకు తెలియదు. శనివారం పొద్దున్న క్లయింట్ సోషల్ మీడియా చూసే ఏజెన్సీలో ఎవరో పాప, తిట్లు చదవలేక, "ఆ ప్రోగ్రాంలో మా ప్రకటనలు నిలిపివేశాం" అని ఒకరికి జవాబు పెట్టేసింది. చెప్పొద్దు అనుకున్న మాట ముగ్గురి మధ్య ఉంది, ఆ ఏజెన్సీకి ఎవరూ చెప్పలేదు. గంటలో జవాబు కింద శుక్రవారం రాత్రి స్క్రీన్‌షాట్ వచ్చింది, టైం కనపడుతూ. అబద్ధాలకోరు కంపెనీ అయిపోయాం. సాయంత్రానికి రెండో గుంపు దిగింది, చనిపోయిన అమ్మాయికి న్యాయం అడిగే ప్రోగ్రాంకి డబ్బులు ఆపుతారా, హంతకుడి తరఫున ఉన్నారా అని. యాంకర్ ఆ రాత్రి పేరు చెప్పకుండా "కొన్ని కంపెనీలు మమ్మల్ని భయపెట్టాలని చూస్తున్నాయి" అని రెండు నిమిషాలు ఊగాడు. ఆ ఊగిన బ్రేక్‌లో కూడా మా యాడ్ పడింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం ఇంకొకటి. టీవీలో పడని టైంలో కూడా స్క్రీన్‌షాట్లు వస్తున్నాయి. చూస్తే అవి యూట్యూబ్‌వి. డిబేట్ క్లిప్ పెట్టగానే ముందు మా యాడ్ వస్తోంది, అది ఛానెల్ వేసింది కాదు, క్లయింట్ డిజిటల్ ఏజెన్సీ గూగుల్లో కొన్నది, జనాన్ని చూసి కొంటారు గానీ వీడియోని చూసి కాదు. పైగా గురువారం నాటి పాత ఎల్ బ్యాండ్ ఆ క్లిప్‌లో అచ్చుపడిపోయి ఉంది, పొద్దున్నే వచ్చే రిపీట్ టెలికాస్ట్‌లో కూడా అంతే. చూసే మనిషికి ఇది స్పాన్సర్‌షిప్పా, బోనస్సా, గూగుల్ వేసిందా అనే తేడా ఏముంటుంది, మన బొమ్మ అక్కడుంది, అంతే. ఆ ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌లో జీబీ న్యూస్ అనే కొత్త ఛానెల్ మొదలైన రోజుల్లో ఫర్నిచర్ కంపెనీ ఐకియా వాళ్ళు మేం తెలిసి అక్కడ యాడ్ ఇవ్వలేదు అన్నప్పుడు చాలామంది వెటకారం చేశారు. ఇలాంటివి చూశాక నాకు ఆ మాట నిజమే అయ్యుంటుందనిపిస్తుంది.

పెద్దాయన ఫోన్

ఆదివారం మధ్యాహ్నం ఎండీగారే చేశారు. ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు ఆయనకి ఫోన్ చేసి మన మీద బాయ్‌కాట్ నడుస్తోందట కదా అన్నారట. "బాబూ, మళ్ళీ పెట్టెయ్యి, ఈ గోల మనకెందుకు." ఈ కేసు మొత్తంలో కష్టమైన నిర్ణయం ఇదే. నేను చెప్పింది, సార్, గురువారం గుంపు కోసం తీసి ఆదివారం గుంపు కోసం పెడితే మన యాడ్ ఎక్కడ ఉండాలో గుంపులే చెప్తున్నట్టు, వచ్చేవారం మూడో గుంపు వస్తుంది. ఆయన దానికి కరగలేదు. అప్పుడు కస్టమర్ కేర్ అమ్మాయి రాసుకున్న మాట చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సరే, మరి అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో రాసివ్వు" అన్నారు.

రాసిచ్చింది నాలుగు ముక్కలు. విచారణలో ఉన్న కేసుల మీద తీర్పులిచ్చే ప్రోగ్రాంల మధ్య, పిల్లల్ని చూపించే చోట మా ప్రకటనలు వద్దనుకున్నాం, ఇది ఏ ఛానెల్‌కైనా ఒకటే. ఇంతే. ప్రోగ్రాం పేరు లేదు, యాంకర్ పేరు లేదు. ట్విట్టర్లో పెట్టలేదు కూడా, డిస్ట్రిబ్యూటర్లకి, కస్టమర్ కేర్‌కి, అడిగినవాళ్ళకి మాత్రమే. ఈ గీత నా సొంత తెలివి కాదు, అదే ఏడాది జనవరిలో బొంబాయి హైకోర్టు మీడియా ట్రయల్స్ మీద ఇచ్చిన తీర్పులో దర్యాప్తు నడుస్తున్నప్పుడు ఏవి చెయ్యకూడదో చెప్పింది, నేరం జరిగిన తీరుని మళ్ళీ నటించి చూపించడం, సాక్షుల్ని ఇంటర్వ్యూ చెయ్యడం వగైరా. దాన్ని పట్టుకుని రాశాం కాబట్టి మీకు ఫలానా యాంకర్ అంటే పడదు అని ఎవరూ అనలేకపోయారు. ఒక డిస్ట్రిబ్యూటర్ అయితే "పిల్లల విషయమా, అయితే కరెక్టేలే" అని పెట్టేశాడట.

నిజంగా తీసెయ్యడం

సోమవారం మళ్ళీ మొదట్నుంచీ చేశాం, ఈసారి బుర్ర పెట్టి. కొత్త రిలీజ్ ఆర్డర్‌లో, అంటే యాడ్స్ ఎప్పుడు వెయ్యాలో ఛానెల్‌కి మేమిచ్చే ఆర్డర్ కాగితంలో, ప్రోగ్రాం పేరు బదులు టైం రాశాను, రాత్రి 8:50 నుంచి 10:10 దాకా, దాని రిపీట్ టైములు కూడా, ఏ రకం స్పాట్ అయినా, డబ్బులిచ్చినదైనా ఊరికే వచ్చినదైనా పడకూడదు, పడితే ఆ రోజు బిల్లు మొత్తం కట్టం అని. పేరు రాస్తే "స్పెషల్ ఎడిషన్" అని పేరు మార్చి అదే వేస్తారు, ఈ తెలివి నాకు పాత దెబ్బల వల్ల వచ్చింది. బోనస్ స్పాట్లు ఎంటర్‌టైన్‌మెంట్ ఛానెల్లో సగం చొప్పున ఇవ్వండి చాలు అన్నాం, అంటే లెక్కలో నష్టపోయాం, కానీ ఊరికే వచ్చినవి లేకపోతే వాటి కాపలా కూడా ఉండదు. తర్వాత యాడ్ టేప్ మార్చాం, అదే యాడ్‌కి కొత్త నంబర్ ఇచ్చి పాతవన్నీ సర్వర్ నుంచి తీసెయ్యమన్నాం, అలా చేస్తే షెడ్యూల్ కుర్రాడు పాత లిస్ట్ కాపీ కొట్టినా ఆడ్డానికి టేప్ ఉండదు. నాకు తెలిసి ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, పది నిమిషాల పని.

డిజిటల్ ఏజెన్సీ వాళ్ళు ఆ ఛానెల్ యూట్యూబ్ పేజీని ప్లేస్‌మెంట్స్ నుంచి, అంటే మా యాడ్ పడే చోట్ల లిస్ట్ నుంచి, మినహాయించారు. పాత క్లిప్‌లో అచ్చుపడ్డ ఎల్ బ్యాండ్ సంగతి ఛానెల్‌ని అడిగాం, వ్యూస్ వస్తున్న క్లిప్ తియ్యం అన్నారు. అక్కడ మేం ఏమీ చెయ్యలేకపోయాం.

టెలికాస్ట్ సర్టిఫికెట్ మీద ఆధారపడటం కూడా మానేశాం. అది ఏ యాడ్ ఎప్పుడు పడిందో చెప్తూ ఛానెల్ తనంతట తను ఇచ్చే కాగితం, నెల చివర్లో వస్తుంది. రెండు వారాలు మా ఆఫీసులో ఒక కుర్రాడు ఆ 80 నిమిషాలూ, రిపీట్లూ కూర్చుని చూసి రోజూ పొద్దున్న క్లయింట్‌కి ఒక లైన్ మెసేజ్ పెట్టేవాడు. బుధవారం ఒకసారి జారింది, పది సెకన్ల స్పాట్, ఏదో పాత బ్యాకప్ నుంచి. ఈసారి స్క్రీన్‌షాట్ రాకముందే మాకు తెలుసు, బిల్లు ఆపాం, తర్వాత మళ్ళీ జారలేదు.

సేల్స్ హెడ్ ఈసారి తేలిగ్గా ఒప్పుకోలేదు. "సర్ అందరికీ ఇట్ల టైం కోసిస్తే నాకు ప్రైమ్ టైం ఏం మిగుల్తది" అన్నాడు, ఏడాది డీల్ రేటు మళ్ళీ మాట్లాడదాం అని బెదిరించాడు కూడా. రేటింగులు లేకపోవడం కలిసొచ్చింది అన్నది ఇక్కడే, ఆ డిబేట్‌కి అంతమంది ఉన్నారని చూపించడానికి అతని దగ్గర తాజా కాగితం లేదు. ఇబ్బంది అయ్యిందీ అందుకే, ఆ ప్రోగ్రాం వదిలితే ఎంతమంది చూసేవాళ్ళని పోగొట్టుకుంటున్నామో క్లయింట్‌కి చెప్పడానికి నా దగ్గరా లేదు. పాత నంబర్లు చూపించి ఇంత అనుకోవచ్చు అన్నాను, అబ్బాయి నమ్మాడు, పెద్దాయన నమ్మలేదు, ఆయనే కరెక్ట్ అనుకుంటా.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. మధ్యలో అబ్బాయి అడిగాడు, "ఎడిటర్ తెలుసు కదన్నా, ఆ టాపిక్ ఆపమని ఒక మాట చెప్పు, స్పాన్సర్‌షిప్ మళ్ళీ ఇద్దాం" అని. చెప్పను అన్నాను. మన డబ్బు ఎక్కడ పెట్టుకోవాలో మన ఇష్టం, వాళ్ళు ఏం చూపించాలో చెప్పడం మన పని కాదు. యాడ్స్ ఆపి వార్తల్ని దారికి తెచ్చుకోవడం ప్రభుత్వాలు బాగా చేస్తాయి, నచ్చని పత్రికకి సర్కారు ప్రకటనలు ఆగిపోవడం మనకి కొత్తా ఏంటి, అదే కొరడా సబ్బుల కంపెనీ చేతికి కూడా ఇవ్వడం నాకిష్టం లేదు. ఈ రెంటి మధ్య గీత సన్నది అని ఒప్పుకుంటాను, మాలాగా పది కంపెనీలు అదే వారం వెళ్ళిపోతే ఎడిటర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు, అర్థమవుతుంది. అయినా సేల్స్ వాళ్ళతో మాట్లాడటం వేరు, న్యూస్‌రూంకి ఫోన్ చెయ్యడం వేరు.

తర్వాత

డిబేట్‌కి ఏమీ కాలేదు. పది రోజుల్లో మా జాగాలోకి ఇంకో స్పాన్సర్ వచ్చాడు, యాంకర్ ఇంకో కేసు పట్టుకున్నాడు. క్లయింట్ అమ్మకాలు ఆ నెల పడలేదు, పెరగనూ లేదు, పండగ సీజన్ పక్కనే ఉంది కాబట్టి దేనివల్ల ఏమైందో విడదీసి చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మొద్దు. బాయ్‌కాట్ అన్నది నాలుగు రోజుల ముచ్చట.

ఇప్పుడు ఏ క్లయింట్ అయినా ఒక ప్రోగ్రాం నుంచి తియ్యమంటే నేను ముందు అడిగేది ఒక కాగితం, మన బొమ్మ ఆ ఛానెల్ ఆ టైంలో ఎన్ని దారుల్లో కనపడే అవకాశం ఉందో, ఊరికే వచ్చినవాటితో, రిపీట్లతో, యూట్యూబ్‌తో కలిపి. అది తయారవ్వడానికి ఒక రోజు పడుతుంది, ఆ రోజంతా సోషల్ మీడియా ఏజెన్సీ నోరు కట్టేసి ఉంచుతాను, మీకు చెప్పేదాకా ఎవరికీ ఏ జవాబూ పెట్టొద్దు అని మెయిల్ కొట్టి. ఆ కంపెనీ ఇప్పటికీ మా క్లయింటే. ఆ క్లిప్ కూడా ఇంకా యూట్యూబ్‌లో ఉంది, కింద మా బొమ్మతో సహా, ఏడాదికోసారి ఎవరో ఒకరు తవ్వి తీసి ట్యాగ్ చేస్తారు, కస్టమర్ కేర్ వాళ్ళు ఆ నాలుగు ముక్కలే పంపిస్తారు.